నెత్తురు ఇచ్చినవాళ్లం, లెక్క అడుగుతున్నాం

2025లో హైదరాబాద్ ఐటీ ఉద్యోగుల కాలేయాల గురించి పేపర్లలో పెద్ద అక్షరాలతో వార్తలొచ్చాయి. గచ్చిబౌలిలోనే ఉన్న రెండు సంస్థలు, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రి కలిసి 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించాయి. నూటికి 84 మంది కాలేయంలో ఉండాల్సినదానికంటే ఎక్కువ కొవ్వు ఉందని తేలింది. నూటికి 71 మంది స్థూలకాయులు. గంటల తరబడి కుర్చీలో కూర్చోవడం, రాత్రి షిఫ్టులు, నిద్ర చాలకపోవడం, వేళకాని వేళ తిండి దీనికి కారణాలని చెప్పారు. ఈ లెక్క పార్లమెంటులో కూడా వినిపించింది.

మాలో కొందరం ఆ అద్దాల మేడల్లోనే పనిచేస్తున్నాం. ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం, అచ్చంపేట, దేవరకొండ వైపుల నుంచి వచ్చినవాళ్లం. గోండులం, కోయలం, చెంచులం, లంబాడీలం. మాలో కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు కొద్దిమంది. గేటు దగ్గర నిలబడేవాళ్లు, అంతస్తులు తుడిచేవాళ్లు, క్యాబ్ నడిపేవాళ్లు, రాత్రి 12 గంటలకు పార్సిల్ పట్టుకుని లిఫ్ట్ కోసం చూసేవాళ్లు ఎక్కువ. మా షిఫ్టులూ రాత్రి షిఫ్టులే. మా నిద్రా పగటి నిద్రే. ఆ వార్త చదివినప్పుడు మాకు నవ్వూ వచ్చింది, ఒక ప్రశ్నా వచ్చింది. మా కాలేయాలు ఎలా ఉన్నాయి?

ఆ అధ్యయనాన్ని తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. ఐటీ ఉద్యోగుల గురించి చెయ్యాలనుకున్నారు, వాళ్ల గురించే చేశారు. కానీ ఆ ప్రశ్న వెంట పోతే ఒక చరిత్ర బయటపడింది. హైదరాబాద్ సంస్థలు ఎవరిని కొలిచాయి, ఎవరి దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లాయి, ఎవరి దగ్గరికి ఒక్కసారి వెళ్లి రక్తం తీసుకుని వచ్చేశాయి అనే చరిత్ర. మా వాళ్ల రక్తం ఈ నగరానికి మాకంటే ముందే వచ్చింది. ఆ సంగతే ఇక్కడ రాస్తున్నాం.

ముందు ఒక మాట అర్థం చేసుకోవాలి. వైద్య పరిశోధకులు 'కోహోర్ట్' అంటారు. ఒక గుంపు మనుషులను ఎంచుకుని, వాళ్ల పేర్లు, వయసు, తిండి, పని, రక్తం అన్నీ రాసి పెట్టుకుని, కొన్నేళ్లకు మళ్లీ వాళ్ల దగ్గరికే పోయి ఎవరికి ఏ రోగం వచ్చింది, ఎవరికి రాలేదు అని చూడడం. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్లో 1948లో 5,209 మందితో ఇట్లా మొదలుపెట్టారు. రెండేళ్లకోసారి పిలిచి చూశారు. బీపీ, కొలెస్ట్రాల్, పొగతాగడం గుండెజబ్బుకు దారితీస్తాయని మనం ఇవాళ మామూలుగా అనుకునే మాటలు చాలావరకు ఆ ఊరివాళ్ల ఓపిక వల్ల తెలిసినవే. బ్రిటన్‌లో 2006 నుంచి 2010 వరకు 5 లక్షల మందిని చేర్చుకుని బయోబ్యాంక్ పెట్టారు. ఇప్పుడు డీఎన్ఏ, స్కానింగులు, తినే తిండి, పీల్చే గాలి అన్నీ ఒకే మనిషి పేరు కింద కలిపి చూస్తున్నారు. ఎన్ని యంత్రాలు వచ్చినా దీనికి మూలం ఒక్కటే. మళ్లీ రావాలి. ఒక్కసారి తీసిన రక్తం ఆ రోజు సంగతే చెబుతుంది. ఏది ముందు వచ్చింది, ఏది తర్వాత వచ్చింది అనేది మళ్లీ వస్తేనే తెలుస్తుంది.

హైదరాబాద్‌లో ఇట్లా మళ్లీ మళ్లీ వెళ్లిన కథ ఒకటి ఉంది. అది చాలా గొప్ప కథ, మన తెలుగువాళ్లకే సరిగా తెలియదు.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1987 నుంచి 1990 దాకా నగరానికి దగ్గర్లోని 29 పల్లెల్లో ఒక పరీక్ష పెట్టింది. అప్పటికి అంగన్‌వాడీ పథకం దేశమంతా రాలేదు. 15 ఊళ్లలో గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్లలోపు పిల్లలకు రోజూ ఉప్మా పెట్టారు. మొక్కజొన్న, సోయా కలిపిన పిండి, సోయా నూనెతో చేసిన ఉప్మా. తల్లికి దాదాపు 500 కేలరీలు, బిడ్డకు 300 కేలరీలు అందేలా లెక్కవేశారు. మిగతా 14 ఊళ్లకు పథకం అప్పటికి రాలేదు. పుట్టిన పిల్లల బరువు తూచారు. అంతటితో అయిపోయేదే. కానీ 2003లో ఆ సంస్థవాళ్లు, లండన్ పరిశోధకులు కలిసి ఆ పాత రిజిస్టర్లు పట్టుకుని మళ్లీ ఆ ఊళ్లకే పోయారు. అప్పటికి ఆ పిల్లలకు 13 నుంచి 18 ఏళ్లు. 1,165 మందిని వెతికి పట్టుకున్నారు. ఉప్మా తిన్న ఊళ్ల పిల్లలు మిగతావాళ్లకంటే సగటున 14 మిల్లీమీటర్లు పొడవు పెరిగారు. వాళ్ల ఒంట్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది, రక్తనాళాల బిరుసు తక్కువగా ఉంది. 2008లో ఈ ఫలితాలు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి.

తల్లి కడుపులో ఉన్నప్పుడు, తప్పటడుగులు వేసే వయసులో దొరికిన పిడికెడు ఉప్మా పదిహేనేళ్ల తర్వాత రక్తనాళంలో కనిపించింది. మేము ఈ సంగతి చదివినప్పుడు చాలాసేపు దీని గురించే మాట్లాడుకున్నాం. గూడేల్లో అంగన్‌వాడీ టీచరు రాని నెలలు, గుడ్డు రాని నెలలు ఎన్నో గుర్తొచ్చాయి. ఆ నెలలు ఎవరి రక్తనాళంలో ఎట్లా ఉన్నాయో చూసినవాళ్లు లేరు.

పరిశోధకులు ఆ 29 ఊళ్లను అక్కడితో వదల్లేదు. 2009 తర్వాత మళ్లీ వెళ్లారు, ఈసారి తల్లిదండ్రులను, తోబుట్టువులను కూడా చేర్చుకున్నారు. ఆంధ్రప్రదేశ్ చిల్డ్రన్ అండ్ పేరెంట్స్ స్టడీ అని పేరు పెట్టారు. నగరం పెరిగేకొద్దీ ఆ పల్లెలు మారిపోయాయి. ఏ ఊరు ఎంత పట్నంలా మారిందో తెలుసుకోవడానికి ఆకాశం నుంచి ఉపగ్రహం తీసిన రాత్రి వెలుతురు ఫొటోలను వాడారు. గాలిలో సన్నటి ధూళిని కొలిచారు. 28 ఊళ్లలో 3,717 మందిని చూస్తే, ధూళి ఎక్కువున్నచోట ఎముకల్లో ఖనిజం తక్కువగా ఉందని 2020లో ప్రచురించారు. ఒక ఊరి తల్లి తిన్న తిండి, బిడ్డ రక్తం, ఊరి గాలి, ఊరి వెలుతురు, అన్నీ ఒకచోట చేరాయి. మళ్లీ వెళ్లడం అంటే ఇది.

ఇంకొకటి హైటెక్ సిటీకి మరీ దగ్గరగా జరిగింది. లింగంపల్లి దాటితే రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ ఫ్యాక్టరీ ఉంది. హైటెక్ సిటీలో సైబర్ టవర్స్‌ను 1998 నవంబర్ 22న ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. దానికి మూడు దశాబ్దాల ముందే పల్లెల నుంచి మనుషులను నగరానికి లాగిన ఫ్యాక్టరీ ఇది. 2005 నుంచి 2007 వరకు ఇండియన్ మైగ్రేషన్ స్టడీ అని లక్నో, నాగపూర్, హైదరాబాద్, బెంగళూరు నగరాల ఫ్యాక్టరీల్లో ఒక అధ్యయనం చేశారు. హైదరాబాద్ వరకు ఎంచుకున్నది ఈ ఫ్యాక్టరీనే. దాని పద్ధతి మాకు చాలా నచ్చింది. పల్లె నుంచి వచ్చి ఫ్యాక్టరీలో చేరినవాణ్ణి తీసుకున్నారు, ఊళ్లోనే ఉండిపోయిన వాడి అన్ననో తమ్ముణ్ణో కూడా పిలిచారు. ఒక తల్లి బిడ్డలు, ఒక పొయ్యి మీది కూడు తిని పెరిగినవాళ్లు. ఒకడు నగరానికి వచ్చాడు, ఒకడు రాలేదు. మొత్తం 6,510 మందిని చూశారు. మగవాళ్లలో స్థూలకాయం ఊళ్లో ఉన్నవాళ్లకు నూటికి 19 మందికి ఉంటే, వలస వచ్చినవాళ్లలో దాదాపు 38 మందికి ఉంది. షుగరు జబ్బు ఊళ్లో 6 మందికి ఉంటే, వలస వచ్చినవాళ్లలో 14 మందికి ఉంది. వలస మనిషి నగరంవాడి జేబును అందుకోలేకపోయినా నగరంవాడి జబ్బును అందుకున్నాడు.

ఇక మా సంగతి.

మమ్మల్ని కొలవడం కొత్తేమీ కాదు. మద్రాసు మ్యూజియంలో పనిచేసిన ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది కులాలు, తెగల మీద 1909లో 7 సంపుటాలు వేశాడు. తలల పొడవు, ముక్కుల వెడల్పు కొలిచి అంకెలు వేశాడు. ముక్కు వెడల్పును బట్టి మనిషి మెట్టు తేల్చిన కాలం అది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాక నిజాం ప్రభుత్వం హైమండార్ఫ్‌ను గోండుల దగ్గరికి పంపింది. చెంచుల మీద ఆయన పుస్తకం 1943లో, కొండరెడ్ల మీద 1945లో, రాజ్‌గోండుల మీద 1948లో వచ్చాయి. ఆయన రక్తం తీసినవాడు కాదు. అయినా ఇక్కడ ఆయన పేరు ఎత్తడానికి కారణం ఉంది. ఆయన మళ్లీ వచ్చాడు. దశాబ్దాల తర్వాత కూడా అవే ఊళ్లకు వచ్చి ఎవరి భూమి పోయింది, ఎవరిది మిగిలింది అని చూసి 1982లో ఇంకో పుస్తకం రాశాడు. ఆయన భార్య బెట్టీ సమాధి మార్లవాయిలో ఉంది. ఏటా అక్కడివాళ్లు వాళ్లిద్దరినీ తలుచుకుంటారు. ఆయన రాతల్లో మేము ఒప్పుకోనివి ఉన్నాయి. కానీ మళ్లీ వచ్చిన మనిషిని జనం ఎట్లా గుర్తుపెట్టుకుంటారో మార్లవాయి చెబుతుంది.

ముక్కుల కాలం పోయాక రక్తం కాలం వచ్చింది. నీలగిరి కొండల ఆదివాసుల్లో సికిల్ సెల్ ఉందని 1952లో బయటపడ్డాక, దేశంలో ఎక్కడ ఆదివాసులుంటే అక్కడికి సూదులు వెళ్లాయి. ఆ తర్వాత డీఎన్ఏ కాలం. హైదరాబాద్ ఉప్పల్ రోడ్డులోని సీసీఎంబీ దీనికి పెద్ద కేంద్రం. 2003లో అమెరికన్ జర్నల్ ఆఫ్ హ్యూమన్ జెనెటిక్స్‌లో ఒక వ్యాసం వచ్చింది. అందులో ముఖ్యంగా చూసింది మన చెంచులను, కోయలను. భారతదేశానికి మొట్టమొదట వచ్చిన మనుషుల వారసత్వం తెగల్లోనే కాదు, కులాల్లోనూ నిలిచి ఉందని తేల్చింది. 2009లో సీసీఎంబీకి చెందిన లాల్జీ సింగ్, తంగరాజ్, అమెరికాలోని డేవిడ్ రైక్ కలిసి నేచర్ పత్రికలో రాసింది ఇంకా పేరు పొందింది. 25 సమూహాలు, 132 మంది మనుషులు. వాళ్లలో తెలుగు నేల నుంచి మాల, మాదిగ, కంసాలి, వైశ్య, నాయుడు, వెలమలతోపాటు చెంచులు. భారతీయుల్లో దాదాపు అందరూ రెండు పాత జనసమూహాల కలయిక అని ఆ వ్యాసం చెప్పింది.

ఆ మాట మాకు బలమే ఇచ్చింది, దాచుకోం. ఎవరు ముందు, ఎవరు వెనక అని మమ్మల్ని ఎగతాళి చేసేవాళ్లకు జవాబు దొరికింది. కానీ నల్లమలలోని ఒక పెంటలో చెయ్యి చాచి రక్తం ఇచ్చిన చెంచు తాత అడిగింది తన పుట్టుపూర్వోత్తరాలు కాదు. కాళ్లు ఎందుకు లాగుతున్నాయి, కోడలి ఒంట్లో రక్తం ఎందుకు లేదు అని అడిగాడు. ఆ రెండో ప్రశ్నకు ఆ గొట్టంలో జవాబు వెతకడం ఆ పరిశోధనలో భాగం కాదు.

2017లో అదే జట్టు ఇంకా పెద్ద లెక్క తెచ్చింది. దక్షిణాసియాలో 263 సమూహాలు, 2,800 మందికి పైగా మనుషులు. వాటిలో 81 సమూహాలు ఫిన్లాండ్ జనం, యూరప్ యూదులకంటే కూడా ఎక్కువగా కొద్దిమంది పూర్వీకుల నుంచి వచ్చినవని తేలింది. తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ వస్తే అరుదైన జబ్బులు ఆ గుంపులో గట్టిపడతాయి. వాళ్లు ఇచ్చిన ఉదాహరణ మన వైశ్యులది. ఆపరేషన్‌కు ముందు కండరాలు సడలడానికి ఇచ్చే ఒక మందును అరిగించే ఎంజైము వైశ్యుల్లో కొందరికి పుట్టుకతో లోపిస్తుంది. మందు ఇస్తే ఊపిరి తొందరగా తిరిగి రాదు. అందుకే మత్తు డాక్టర్లు వైశ్యులకు ఆ మందు ఇవ్వడానికి జంకుతారు. ఒక సమూహం గురించిన తెలివి ఆపరేషన్ బల్ల దాకా చేరిందన్నమాట. మా సమూహాల గురించి తెలిసింది మాకు ఏ బల్ల మీద పనికొచ్చింది?

మాలో ఒకరు తొంభైల్లో ఒక ఆశ్రమ పాఠశాలలో చదివారు. ఒకరోజు జీపు వచ్చింది. పిల్లలందరినీ వరసగా నిలబెట్టారు. సూది గుచ్చి రక్తం తీసుకున్నారు. తలా ఒక బిస్కెట్ పొట్లం ఇచ్చారు. ఏడ్చినవాడికి రెండు. ఎందుకు తీశారో వార్డెన్‌కు తెలియదు, పిల్లలకు అసలే తెలియదు. ఆ జీపు మళ్లీ రాలేదు. ఏ సంస్థదో ఇప్పుడు చెప్పలేం, చెప్పినా ప్రయోజనం లేదు. ఆ క్లాసులో ఒక పిల్లవాడు కీళ్ల నొప్పులతో తరచూ మూలిగేవాడు, కళ్లు పచ్చబడేవి. పదో తరగతికి ముందే చనిపోయాడు. ఇవాళ మాకు తెలిసిన దాన్నిబట్టి అది సికిల్ సెల్ అయ్యుండొచ్చు. ఆ రోజు తీసిన రక్తంలో ఆ సంగతి ఉండే ఉంటుంది. ఎక్కడో ఒక పట్టికలో ఒక గీతగా కూడా పడి ఉంటుంది.

సమ్మతి గురించి మాట్లాడితే ఖమ్మం గుర్తు రాక మానదు. 2009 జులైలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని. దాదాపు 14 వేల మంది పిల్లలు. చాలామంది హాస్టళ్లలో ఉన్న ఆదివాసీ పిల్లలు. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు హాస్టల్ వార్డెన్లు పెట్టారు. కొందరు పిల్లలు చనిపోయారు. టీకా వల్ల కాదని విచారణ చెప్పింది, కారణాలు వేరువేరని చూపింది. 2010 ఏప్రిల్‌లో పని ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ సమ్మతి తీరును గట్టిగా తప్పుపట్టింది. ఆ టీకా మంచిదే. మా ఆడపిల్లలకు అందాలనే మేము కోరుతున్నాం. కానీ వార్డెన్ సంతకం ఎన్ని గూడేల్లో ఎంతకాలం టీకా పేరెత్తితే తలుపులు మూసుకునేలా చేసిందో, ఆ లెక్క ఏ నివేదికలోనూ లేదు.

ఇట్లాంటిది మాకొక్కరికే జరగలేదు. అమెరికాలో గ్రాండ్ కాన్యన్ లోయ అడుగున హవాసుపాయ్ అనే చిన్న తెగ ఉంది. షుగరు జబ్బు ఎందుకు ఎక్కువగా వస్తోందో చూస్తామని 1990 నుంచి అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు వాళ్ల రక్తం తీసుకున్నారు. తర్వాత అదే రక్తంతో మతిస్థిమితం జబ్బు గురించి, దగ్గరి సంబంధాల పెళ్లిళ్ల గురించి, ఆ తెగ ఏ ఖండం నుంచి వలస వచ్చిందన్న దాని గురించి పరిశోధనలు చేశారు. తాము ఆ లోయలోనే పుట్టామని నమ్మేవాళ్లు వాళ్లు. ఒక హవాసుపాయ్ ఆడమనిషి యూనివర్సిటీ సభలో కూర్చుని తన తెగ రక్తం మీద ప్రసంగం విన్నప్పుడే ఈ సంగతి బయటపడింది. కోర్టుకు పోయారు. 2010లో రాజీ కుదిరింది, 41 మందికి 7 లక్షల డాలర్లు ఇచ్చారు. డబ్బుకంటే వాళ్లు పట్టుబట్టింది ఇంకొకటి. ఫ్రీజర్లలో మిగిలిన రక్తాన్ని తిరిగి ఇచ్చేయమన్నారు. ఇచ్చారు. వాళ్లు పాట పాడి, ఏడ్చి తమ లోయకు తీసుకుపోయారు. ఇచ్చిన రక్తం తిరిగి అడగొచ్చని మాకు తెలిసింది ఆ లోయవాళ్ల వల్లే.

దక్షిణాఫ్రికాలో సాన్ జనం 2017లో పరిశోధకులకు తామే ఒక నియమావళి రాసిచ్చారు. మా దగ్గరికి వచ్చేవాళ్లు ఎట్లా రావాలి, ఎట్లా పోవాలి అని. మన దగ్గర అదే 2017లో ఐసీఎంఆర్ నైతిక నియమాలు వచ్చాయి. ఆదివాసుల మీద పరిశోధన చేస్తే అది వాళ్లకు ఉపయోగపడేదై ఉండాలని, జిల్లా కలెక్టర్ లాంటి అధికారి అనుమతి తీసుకోవాలని, ఊరి పెద్దలతో మాట్లాడాలని, అయినా ప్రతి మనిషి సమ్మతీ విడిగా తీసుకోవాలని అందులో ఉంది. కాగితం మంచిదే. కలెక్టరు మాట, గ్రామసభ మాట ఒకటి కాదని మాత్రం 1996 నాటి పెసా చట్టం చదివినవాళ్లకు చెప్పనక్కర్లేదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ఒక్క మనిషి హక్కు గురించే చెబుతుంది. తెగ హక్కు అనే మాట అందులో లేదు. పరిశోధన కోసం అయితే మినహాయింపులు కూడా ఉన్నాయి.

ఇప్పుడు పనులు చాలా పెద్ద ఎత్తున జరుగుతున్నాయి. జీనోమ్ ఇండియా కింద 83 సమూహాల నుంచి దాదాపు 10 వేల మంది జన్యు సమాచారాన్ని పూర్తిగా చదివారు. ఆ 83లో 30 ఆదివాసీ సమూహాలే. సీసీఎంబీ కూడా ఆ పనిలో ఉంది. సమాచారం ఫరీదాబాద్‌లో ఉంది, 2025 జనవరి నుంచి పరిశోధకులకు అందుబాటులో పెట్టారు. ఇంకోపక్క 2023 డిసెంబర్‌లో సీఎస్‌ఐఆర్ సంస్థ ఫినోమ్ ఇండియా అని మొదలుపెట్టింది. దాదాపు 10 వేల మంది. వీళ్లు ఎవరనుకున్నారు? ఆ సంస్థ సొంత ఉద్యోగులు, పింఛనుదారులు, వాళ్ల భార్యాభర్తలు. ఇది ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ చూసే కోహోర్ట్. ఎవరికి షుగరు, ఎవరికి గుండెజబ్బు వచ్చే వీలుందో ముందే కనిపెట్టాలని. శాస్త్రవేత్తలు తమ రక్తాన్నే ముందు ఇవ్వడం మెచ్చుకోవాల్సిన సంగతి. కానీ ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. వాళ్ల రక్తం రేపటి ఆరోగ్యం కోసం, మా రక్తం ఎక్కువగా నిన్నటి చరిత్ర కోసం.

సికిల్ సెల్ విషయంలో మాత్రం ఇది మారుతోంది, ఒప్పుకోవాలి. 2023 జులై 1న మొదలైన జాతీయ మిషన్ 17 రాష్ట్రాల్లో 40 ఏళ్లలోపు 7 కోట్ల మందిని పరీక్షించాలని పెట్టుకుంది. మా గూడేల్లోనూ పరీక్షలు చేశారు, కార్డులు ఇచ్చారు. తల్లికీ తండ్రికీ ఇద్దరికీ ఆ లక్షణం ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు బిడ్డకు జబ్బు వచ్చే వీలుంది. ముందే తెలిస్తే మందు మొదలుపెట్టొచ్చు, హైడ్రాక్సీయూరియా మాత్రలు నొప్పులను తగ్గిస్తాయి. అదే లక్షణం ఒక్కరి నుంచే వస్తే జబ్బు కాదు, పైగా మలేరియా నుంచి కాపాడుతుంది. అడవిలో మా ముత్తాతలు బతికి బట్టకట్టడానికి అది కూడా ఒక కారణం. ఈ రెండో మాట కార్డు ఇచ్చేటప్పుడు చెప్పేవాళ్లు తక్కువ. మాకు తెలిసిన ఒక పిల్లకు జబ్బు లేదు, లక్షణం మాత్రమే ఉంది. పెళ్లి చూపులకు వచ్చినవాళ్లు కార్డు చూసి లేచి వెళ్లిపోయారు. కుర్రాడి కార్డు ఎవరూ అడగలేదు. పరీక్ష చేసినవాళ్లు ఆ ఇంటికి ఒక్కసారి మళ్లీ వచ్చి, నాయక్‌ను, పెద్దమనుషులను కూర్చోబెట్టి ఇద్దరి కార్డులూ కలిపి చూస్తేనే లెక్క అని చెప్పుంటే ఆ పెళ్లి నిలిచేదేమో.

మళ్లీ గచ్చిబౌలికి వద్దాం. ఈ నగరపు పునాదులు తవ్విన పాలమూరు తండాల కూలీల పిల్లలు ఇప్పుడు ఇక్కడే పనిలో ఉన్నారు. గోండు పిల్లలు జొన్న గటక మాని రోజుకు రెండుసార్లు నూడుల్స్ తింటున్నారు. అన్న ఊళ్లో పోడు చేసుకుంటున్నాడు, తమ్ముడు మాదాపూర్‌లో రాత్రి కాపలా కాస్తున్నాడు. బీహెచ్‌ఈఎల్‌లో చేసినట్టు ఈ అన్నదమ్ములను ఇద్దరినీ చూడాలని, చూసి వదిలేయకుండా 29 ఊళ్లకు పోయినట్టు మళ్లీ మళ్లీ పోవాలని మేము అడుగుతున్నాం. సికిల్ లక్షణం ఉన్న ఒళ్లు రాత్రి షిఫ్టుకు, ఏసీ చలికి, నీళ్లు తాగే తీరిక లేని పనికి ఎట్లా తట్టుకుంటుందో తెలియాలి. చిన్నప్పుడు అర్ధాకలితో పెరిగిన ఒంటికి నగరపు తిండి ఏం చేస్తుందో తెలియాలి. ఫలితం ఇంగ్లిష్ పత్రికలో రావడానికి ముందు రాయి సెంటర్‌లో, తండాలో చెప్పాలి. మిగిలిన రక్తం ఎక్కడ ఉంది, ఎవరు వాడుతున్నారు అనే కాగితం గ్రామసభ దగ్గర ఉండాలి. వద్దంటే తిరిగి ఇవ్వాలి.

రక్తం ఇవ్వొద్దని చెప్పేవాళ్లు మాలోనే ఉన్నారు. వాళ్ల కోపం మాకు తెలుసు. కానీ ఇవ్వకపోతే పదో తరగతికి ముందే పోయిన ఆ పిల్లవాడు ఇంకో బడిలో ఇంకోసారి పోతాడు.

అందుకని మాలో నలుగురం కలిసి, రక్తం తీసుకోవడానికి వచ్చేవాళ్లను అడగాల్సిన ప్రశ్నలు ఒక కాగితం మీద రాశాం. తెలుగులో రాసి, గోండి, కోయ, లంబాడీ మాటల్లోకి మార్చడం మొదలుపెట్టాం. 'జన్యువు' దగ్గర ఆగిపోయాం. చివరికి 'అమ్మానాన్నల నుంచి నెత్తురులో వచ్చేది' అని రాశాం. 'డేటా' దగ్గర ఇంకా తేలలేదు. ఒక కోయగూడెంలో చదివి వినిపిస్తే ఒక ముసలామె, మీరు రాసిన ప్రశ్నలన్నీ సూది గుచ్చకముందు అడిగేవే, గుచ్చాక అడిగేవి ఏవి అంది. అవి రాస్తున్నాం.